అల్లిక సంచి



చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. బొబ్బిలి యుద్ధము 1757వ సంవత్సరమున జరిగినదని మన ప్రాంతమున బడి ముఖ మెఱుగని వృద్ధులును చెప్పగలరు. అట్టి గడ్డపై నిలిచి, ఒక చిన్నపిల్లవాని బడిసంచిని గూర్చి చరిత్రోపన్యాసము చేయబూనుట కొందఱకు వింతగా తోచవచ్చును. ఐనను కోట కట్టించినవాని పేరు శాసనములలో నిలుచును. సంచి నల్లిన స్త్రీ పేరు ఎచ్చటను కానరాదు. అందుచేతనే నేడీ విషయమును గైకొంటిని.

ఆ సంచి యిప్పుడు నా యెదుట బల్లపై నున్నది. తెల్లని నూలుదారముతో, కొక్కెపు సూదితో అల్లినది. నడుమ రెండు నీలిరంగు వరుసలు గలవు. ఒక ప్రక్క పట్టె తెగగా గోనెపురితో కట్టిన ముడి కూడ ఇంకను ఉన్నది. 1966వ సంవత్సరము జూన్ నెలలో, నాగావళి యొడ్డునగల మా గ్రామమున నేనొకటవ తరగతిలో చేరినప్పుడు మా అప్ప దీనిని నాకు అల్లి యిచ్చినది. అప్పటి కామెకు పదుమూడేండ్లు. ఆమె బడి మానినదియు ఆ సంవత్సరమే. ఈ రెండు సంగతులకు గల సంబంధము నాకు తెలిసివచ్చుటకు ఏబది యేండ్లకు పైగా పట్టినది. దానిని చివర మనవి చేసెదను. ముందు సంచి పుట్టుపూర్వోత్తరములు విన్నవించెదను.

మన పూర్వుల వీధిబడులలో పిల్లవానికి సంచితో పని లేకుండెను. ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుటయు, పిదప తాటాకుపై గంటముతో వ్రాయుటయు అభ్యాసము. తాటాకుల కట్టకు రెండు చెక్కలు, ఒక త్రాడు చాలును. చదువులో ఎక్కువభాగము కంఠమునందే యుండెను గాని చంకలో లేకుండెను. చెన్నపట్టణమున గవర్నరుగానుండిన సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లనందఱను ఇట్టి బడుల లెక్క పంపుడని ఆజ్ఞాపించెను. ఆ లెక్కలు కూర్చి 1826లో ఆయన వ్రాసిన ప్రకారము రాజధాని మొత్తమున 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. అందు మగపిల్లలు 1,84,110, ఆడపిల్లలు 4,540. అనగా నూర్గురు బడిపిల్లలలో ఆడపిల్లలు ముగ్గురైనను లేరు. ఈ అంకెను పెద్దలు జ్ఞాపకమునం దుంచుకొన ప్రార్థన. ఇది మన సంచి కథకు మూలమైన అంకె.

తరువాత కాగితము వచ్చినది, అచ్చుపుస్తకము వచ్చినది, రాతిపలక వచ్చినది. పలక జారిన పగులును, పుస్తకము తడిసిన చెడును. అప్పటినుండి పిల్లవానికి సంచి కావలసివచ్చినది. పాత పంచె చింపి కుట్టినది కొందఱికి, గోనెగుడ్డది కొందఱికి. గోగునార మన యుభయ జిల్లాలకు పెట్టనిపేరు. భీమునిపట్టణపు రేవునుండి ఎగుమతియైనందున ఆ నారకు విదేశపు వర్తకములో "బిమ్లీ జనుము" అను పేరే స్థిరపడినది. నెల్లిమర్లలోను చిట్టివలసలోను గోనెమిల్లులు వెలసిన ప్రాంతమున గోనెసంచికి కొదువ యేమి? కాని గోనె పిల్లవాని భుజమును గీరును. అందుచేత మెత్తని నూలుసంచి యన్న తల్లులకు ప్రీతి యెక్కువ.

ఇక అల్లిక మాట. అల్లి మోయుట మనకు క్రొత్త కాదు. వెన్నకుండ నుంచు ఉట్టి అల్లికయే. కావడికి గట్టు చిక్కము, ఎద్దు మూతికి కట్టు చిక్కము అల్లికలే. కళింగపట్టణమునుండి భీమునిపట్టణము వఱకు తీరమునగల వాడబలిజె పల్లెలలో వల యల్లని చేయి ఉండదు. నూలు విషయమున మన పొందూరును జెప్పక మఱియొకరిని జెప్పజాలము. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవడ యెముకను దువ్వెనగా జేసి ప్రత్తిని దువ్వి, నూరవ నంబరు నూలు వడకుదురు. నూరవ నంబరనగా ఒక పౌను నూలు ఎనుబదినాలుగువేల గజముల పొడవు సాగునన్నమాట. ఇంచుమించు నలువదియెనిమిది మైళ్లు! అంత సన్నని దారము సంచికి పనికిరాదు, నిజమే. కాని దారము విలువ తెలిసిన కన్ను మన స్త్రీలకు పూర్వమునుండియు కలదని చెప్పుటకు దీనిని ప్రస్తావించితిని.

కొక్కెపు సూది మాత్రము పశ్చిమమునుండి వచ్చినది. దాని పేరైన "క్రోషే" అనునది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెమని దాని యర్థము. మనవారు దానిని క్రోషియా యని పలుకుదురు. స్వెట్టరు అల్లువారు రెండు పుల్లలపై ఉచ్చుల బారు నిలుపుకొందురు. ఒకటి జారెనా, దాని క్రింది ఉచ్చులును ఒకదాని వెంట నొకటి జారును. క్రోషియాలో సూదిపై ఉచ్చు ఒక్కటే యుండును. ముడి పూర్తియైన పిదపనే రెండవ ముడి. కావుననే ఏ క్షణమున పిలుపు వచ్చినను స్త్రీ దానిని ఒడిలో దింపి లేచిపోవచ్చును. పాలు పొంగినను, దూడ త్రెంచుకొన్నను అల్లిక చెడదు. ఈ సౌకర్యమే దానికి వరము, ఈ సౌకర్యమే దానికి శాపము నైనది. ఎట్లో చెప్పెదను.

1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరునకు తెగులు సోకినది. ఆ దేశపు బీదలకు ఆ దుంపయే అన్నము. వరుసగా కొన్ని యేండ్లు పంట చెడి, ఇంచుమించు పదిలక్షల మంది మరణించిరి. మఱి పదిలక్షల మంది ఓడలెక్కి దేశము విడిచిరి. ఆ ఘోరక్షామమున క్రైస్తవ సన్యాసినులు, దయగల గృహిణులు అచ్చటి బీద స్త్రీలకు ఈ కొక్కెపు సూది పని నేర్పిరి. వెనిసు నగరపు ఖరీదైన లేసును బోలిన అల్లికను సన్ననూలుతో అల్లి ధనవంతులకు విక్రయించి, ఎన్నియో కుటుంబములు గంజి త్రాగినవి. పొలము తిండి పెట్టనప్పుడు స్త్రీ చేతివ్రేళ్లు పెట్టినవి.

అట్టిదే కథ మన గోదావరి మండలమునను జరిగినది. 1836లో బౌడెను, బీరు అను ఆంగ్లేయ మిషనరీలు సకుటుంబముగా వచ్చి నరసాపుర ప్రాంతమున స్థిరపడిరి. ఆ శతాబ్దముననే మిషనరీ కుటుంబముల స్త్రీలు అచ్చటి బీద స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. భద్రాచలము చేరువనున్న దుమ్ముగూడెమునందును అట్లే జరిగినది. మొదట మతములో చేరిన దళిత స్త్రీలకు కూటి కొఱకు నేర్పిన విద్య, తరువాత గడప దాటని కాపు స్త్రీల యిండ్లలోనికిని ప్రవేశించినది. ఇరువదవ శతాబ్దారంభమునుండి వర్తకులు దారమిచ్చి, అల్లిక గైకొని, విదేశములకు పంపసాగిరి. నరసాపురము, పాలకొల్లు చుట్టుప్రక్కల గ్రామములలో వాకిట చతికిలబడి సూది కదల్చని స్త్రీ అరుదైనది.

ఈ సంగతిని శ్రద్ధతో విచారించినది మన దేశస్థురాలు గాదు. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు నరసాపుర గ్రామములకు వచ్చి, లేసు స్త్రీల బ్రతుకును పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె కనుగొన్న ముఖ్యసత్యము వినుడు. ఈ స్త్రీలు దినమునకు ఆఱేడు గంటలు అల్లుచుండిరి. వారి యల్లిక సముద్రములు దాటి పోవుచుండెను. ఎగుమతి వర్తకులు మేడలు కట్టిరి. ఐనను ఆ స్త్రీలను పనివారని ఎవ్వరును అనలేదు. "ఇంట కూర్చుండు గృహిణులు, తీరికవేళ అల్లుకొందురు" అనిరి. ఆ "తీరికవేళ" అను ఒక్క మాటవలన వారి కూలి పొలముకూలి కంటెను దిగువకు పడిపోయినది. సూదిని ఎప్పుడైనను దింపి యింటిపనికి లేవగలుగుటయే, అది పని గాదనుటకు సాక్ష్యమైనది. వరమే శాపమైనదన్నది ఇందువలననే.

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో ఈ విద్య వర్తకముగా మాఱలేదు. ఇది బడులద్వారా ఇండ్లకు వచ్చినది. బాలికల పాఠశాలలు వెలసినప్పుడు, ఆడపిల్లకు చదువేల యని అడుగు తల్లిదండ్రులను ఒప్పించుటకు కుట్టుపని, అల్లికపని పాఠములో చేర్చుట ఆనాటి ఆచారము. "అక్షరము రాకున్నను, చేతిపని యైనను వచ్చును గదా" యని పంపినవారు పెక్కుమంది. 1937లో వార్ధా మహాసభలో గాంధీమహాత్ముడు చేతిపనినే విద్యకు కేంద్రముగా జేయవలెనని చెప్పెను. ఆయన యుద్దేశము బాలబాలికలు ఉభయులును తకిలి పట్టవలెనని. ఆచరణలో మన బడులలో మగపిల్లవాని తకిలి మూలబడినది, ఆడపిల్ల సూది నిలిచినది.

మా అప్ప ఏడవ తరగతి వఱకు చదివినది. చేతిపని నేర్పు ఉపాధ్యాయినివద్ద క్రోషియా నేర్చినది. లెక్కలలో ఆమెకు నాకంటె చురుకు. ఈ సంచి అడుగును జూచిన అది తెలియును. అడుగు గుండ్రని బిళ్ల. నడుమ ఆఱు ముడులతో మొదలిడి, ప్రతి చుట్టునకును సరిగా ఆఱు ముడులు పెంచినగాని ఆ బిళ్ల చదునుగా రాదు. తక్కువైన గిన్నెవలె వంగును, ఎక్కువైన అంచు ముడుతలు పడును. ఆఱు, పండ్రెండు, పదునెనిమిది, ఇట్లు ఇరువది చుట్లకు నూటయిరువది ముడులు వచ్చును. అటుపిమ్మట పెంచుట మాని, అదే లెక్కతో నిలువుగా పైకి పోవలెను.

పదవీ విరమణానంతరము ఒక మధ్యాహ్నము నేను కండ్లద్దములు పెట్టుకొని దీని ముడులను లెక్కించితిని. అడుగు బిళ్లకు 1,260. ప్రక్కలు అఱువది వరుసలు, వరుసకు 120 చొప్పున 7,200. వెరసి 8,460. పట్టె లెక్క వేఱు. మా యింట కోడలు అల్లుచుండగా గడియారము పట్టి చూచితిని. నిమిషమునకు పండ్రెండు ముడులు పడినవి. ఆ లెక్కను ఈ సంచికి 705 నిమిషములు, అనగా పదునొకండు గంటల ముప్పాతిక. ఇది ఎడతెగక అల్లినప్పటి మాట. కిరసనాయిలు బుడ్డి వెలుతురున అల్లిన ఎంత పట్టునో ఊహింపుడు.

ఆ లెక్క వేసిన పిదప నాకు నిద్ర పట్టలేదు. కారణమొక పాత ఋణము. 1998లో నేనొక గ్రామ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. వార్షికోత్సవమునకు బహుమానములుగా నిచ్చుటకు పండ్రెండు అల్లిక సంచులు కావలెనని, ఒక విద్యార్థి తల్లిని కోరితిని. ఆమె వితంతువు. నెల దినములలో అల్లి తెచ్చినది. నేను దారము ఖరీదు లెక్కగట్టి యిచ్చితిని. ఆమె డబ్బు చేత బట్టుకొని కొంచెముసేపు నిలిచి, "మేష్టారుగారూ, దారం డబ్బులే ఇచ్చారండి. చేతికేమీ లేదాండీ?" అని అడిగినది. "తీరికవేళ అల్లినదే గదమ్మా, పిల్లల కొఱకు గదా" అంటిని. ఆమె మఱి మాటాడక వెడలిపోయినది.

పండ్రెండు సంచులు, ఒక్కొక్కటికి 705 నిమిషములు. మొత్తము 141 గంటలు. దినమునకు ఎనిమిది గంటల వంతున పదునేడు దినములకు మించిన కూలి. కుడ్యమునకు సున్నము వేసినవానికి ఆ యుత్సవముననే నేను రోజుకూలి చెల్లించితిని. పందిరి వేసినవానికి చెల్లించితిని. ఆమెకు మాత్రము చెల్లింపలేదు. జర్మను విదుషి నరసాపురమున జూచిన దోషమును నేను నా బడిలో చేసియుంటిని. ఇటీవల ఆ గ్రామమునకు పోయి విచారించితిని. ఆ కుటుంబము పని వెదకికొనుచు ఏనాడో వలస పోయినదట. ఎచ్చటి కేగిరో చెప్పగలవా రెవ్వరును లేరు. మన జిల్లాలలో ఇట్లు తీరని ఋణములు ఎన్ని గలవో!

ఆ వారమే మా అప్పను చూడబోయితిని. ఆమెకిప్పుడు డెబ్బది దాటినవి. సంచి నామె ఒడిలో నుంచి, "అప్పా, దీన్ని ఎన్నాళ్లు అల్లేవు?" అంటిని.

"లెక్కెవరు పెట్టారురా? నువ్వు బడికెళ్లే రోజుకి అయిపోవాలి, అంతే" అన్నది.

"తీరికున్నప్పుడు అల్లేవనుకున్నాను."

ఆమె నవ్వినది. "తీరికా? అమ్మ మంచాన పడింది. గొడ్లు, వంట, నువ్వు. నువ్వు నిద్రపోయాక బుడ్డి దగ్గర కూర్చుని అల్లేదాన్ని. బడికి నేనెలాగూ వెళ్లలేను, నా సంచైనా వెళ్తుందనుకున్నాను."

పెద్దలారా! నేను విజయనగరపు సంస్కృత కళాశాలలో కావ్యములు, వ్యాకరణము చదివిన వాడను. ముప్పదియేండ్లకు మించి పిల్లలకు పద్యములకు అర్థము చెప్పినవాడను. ఆ మాటకు ప్రత్యుత్తరము నాకు దొరకలేదు. ఇంట జబ్బు చేసిన తల్లి యుండగా, ఇద్దఱు పిల్లలలో ఒకరు బడి మానవలసివచ్చినప్పుడు మానినది ఎవరు? లెక్కలు వచ్చిన పిల్ల మానినది. అప్పుడే ఓనమాలు దిద్దబోవు పిల్లవాడు వెళ్లినాడు. మా తండ్రి దుర్మార్గుడు గాడు. ఊరందఱు చేసినట్లే చేసెను. మన్రోగారి లెక్కలోని 4,540 అను అంకె మా యింటివఱకు నడచివచ్చినదని నేను గ్రహించితిని.

నేడు కాలము మాఱినది. 2020 నుండి మన రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లలకు పుస్తకములతోబాటు సంచిని గూడ నిచ్చుచున్నది. ఆడపిల్లకును సంచి, మగపిల్లవానికిని సంచి. ఇది చిన్న సంగతి గాదు. ఆ సంచులు వాన కోర్చును, ఎక్కువ పుస్తకములను మోయును. అల్లిక సంచి బరువునకు సాగును. లోపల గుడ్డ వేసి కుట్టనిచో పలకబలపము కన్నులనుండి జారిపోవును. నా బలపములు ఎన్నియో అట్లు పోయినవి. కావున మరల అందఱు అల్లిక సంచులే తాల్పుడని నేను చెప్పుట లేదు. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరును ఇతరులు వాడరాదని దాని యర్థము. ఊరి పేరునకు రక్షణ కలిగినది. ఇక అల్లిన చేతికి తగిన కూలియు కలుగవలెను.

ఇంతకు నేను కోరునది మూడు మాటలు.

మొదటిది: మీ గ్రామమున ఎవరిచేతనైనను సంచి గాని, తోరణము గాని, బల్లగుడ్డ గాని అల్లించుకొన్నయెడల దారమునకు వేఱుగా, చేతికి వేఱుగా లెక్కకట్టి యిండు. గంటలెన్ని పట్టునని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలదు. "తీరికవేళ" అను మాటను మాత్రము వాడకుడు. తెల్లవాఱుజామున లేచి, రాత్రి యందఱును పండుకొన్న పిదప పండుకొను మనిషికి తీరిక యెక్కడిది?

రెండవది: చేతిపని పిల్లలందఱకు నేర్పుడు. ఆడపిల్లకే గాదు, మగపిల్లవానికిని. వేసవి సెలవులలో మా అప్ప నా మనుమనికి క్రోషియా నేర్పినది. ఆఱేసి ముడులు పెంచు లెక్క వానికి ఆమెయే చెప్పినది. మొదటి బిళ్ల గిన్నెవలె వంగినది. విప్పి మరల అల్లించినది. వాడు నాలుగవ తడవ చదునుగా తెచ్చినాడు.

మూడవది: చేతిపని చదువునకు తోడు కావలెను గాని, చదువునకు బదులు కారాదు. ఏ యింటనైనను కష్టము వచ్చినప్పుడు బడి మానవలసినది ఆడపిల్లయే యను తలపు మీ యొద్ద పంచాయతికి వచ్చినచో, మీ వయస్సునకు గల గౌరవమును ఆ పిల్ల పక్షమున వాడుడు. ఒక్క పెద్దమనిషి అడ్డుపడిన చాలును. మా యింట అడ్డుపడినవా రెవ్వరును లేకపోయిరి.

ఈ సంచిలో నేనిప్పుడొక చీటి నుంచితిని. దానిపై మా అప్ప పేరు, ఊరు, 1966 అను సంవత్సరము, 8,460 అను అంకె వ్రాసితిని. నా తరువాత దీనిని తెఱచినవారికి ఇది అల్లినదెవరో తెలియవలెను గదా. మీ యిండ్ల పెట్టెలలోను ఇట్టి సంచులు, గుడ్డలు ఉండియుండును. అల్లినవారు బ్రతికియుండగనే అడిగి, పేరు వ్రాసి యుంచుడు. సెలవు.